పేరు స్టిక్కర్ ఎంత సైజు ఉండాలో కస్టమర్ చెప్పాలా, చేసేవాళ్ళే తేల్చాలా?

గవ్వలపెట్టె:

అందరికీ నమస్తే. వారం రోజులుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. ఇక్కడ పేర్లు వేసి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఎవరికి ఏమనిపిస్తే అది మొహమాటం లేకుండా చెప్పండి.

నేను ఇంట్లోనే రిటర్న్ గిఫ్టులు చేస్తాను. స్టీలు బాటిళ్ళు, మగ్గులు, చెక్క పెన్ స్టాండ్లు, వాటి మీద పిల్లల పేర్లు. యూవీ డీటీఎఫ్ షీటు (ఫిల్మ్ మీద ప్రింటు వేసి ఇచ్చే స్టిక్కర్ షీటు, వేడి అక్కర్లేకుండా ఒత్తితే అంటుకుంటుంది) బయట వేయించుకుని, పేర్లు కత్తిరించి నేనే అంటిస్తాను. మొన్న ఒక పాప మొదటి పుట్టినరోజుకి 60 బాటిళ్ళ ఆర్డర్ వచ్చింది, అన్నీ అరలీటరువి, ఒక్కోదాని మీద ఒక్కో పిల్లాడి పేరు తెలుగులో. పాప వాళ్ళమ్మని "పేరు ఎంత సైజు పెట్టమంటారండీ" అని అడిగాను. "మూడు అంగుళాలు పెట్టండి, బాగా కనపడాలి" అన్నారు. పేర్లన్నీ మూడు అంగుళాల వెడల్పుకి లాగి షీటు వేయించాను.

అంటించి టేబుల్ మీద వరసగా పెడితే అప్పుడు తెలిసింది. "జాను" అన్న పేరులో అక్షరం అంగుళం ఎత్తుంది. పక్కనే "వేంకట సాయి లక్ష్మీ ప్రసన్న" అదే మూడు అంగుళాల్లో ఇరుక్కుని అర సెంటీమీటరు కూడా లేదు. కొలత ప్రకారం చూస్తే అన్నీ మూడు అంగుళాలే, ఆవిడ చెప్పిందే చేశాను. టైం లేక అలాగే ఇచ్చేశాను. ఫంక్షన్‌లో ఒక బాబు "అమ్మా, నా పేరెందుకు చిన్నగా రాశారు" అని అడిగాడట. ఆవిడ ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

14 బాటిళ్ళకి నా డబ్బులతో మళ్ళీ వేయించాను. ఈసారి వెడల్పు వదిలేసి అన్నీ అంగుళం ఎత్తుకి పెట్టాను. అది ఇంకో తలనొప్పి. "జ్యోత్స్న", "కృష్ణ" లాంటి పేర్లలో కింద ఒత్తులు ఉంటాయి కదా, ఆ ఒత్తుతో కలిపి అంగుళం అయ్యేసరికి పైన అక్షరాలు సగం అయిపోయాయి.

నేను చివరికి అనుకున్నదేంటంటే సైజు కస్టమర్ని అడగకూడదు. వాళ్ళకి బాటిల్ కొలత తెలీదు, తెలుగు అక్షరం ఎంత చోటు తింటుందో తెలీదు. మనమే తేల్చాలి. మా వారు మాత్రం "డబ్బు ఇచ్చేది వాళ్ళు, అడగకుండా ఎలా చేస్తావు" అంటున్నారు. మీరేమంటారు?

తంగేడుపూలు:

అక్కా, మీ వారు చెప్పిందే కరెక్టు. అడగడం తప్పు కాదు, అడిగిన పద్ధతి తప్పు. "ఎంత సైజు" అని వదిలేస్తే నోటికొచ్చిన అంకె చెప్తారు. నేను కరీంనగర్‌లో టీషర్టులు, బాటిళ్ళు బల్క్‌గా చేస్తాను, ఆర్డర్‌కి 150, 200 ఉంటాయి. నా దగ్గర మూడే సైజులు: రెండు అంగుళాలు, మూడు, నాలుగు. మూడూ ఒకే బాటిల్ మీద అంటించి ఫోటో తీసి పెట్టుకున్నా. కస్టమర్ ఒకటి ఎంచుకుంటాడు, వాట్సాప్‌లో "ఓకే" అని పెడతాడు, అప్పుడే ప్రింటుకి పోతుంది. తర్వాత చిన్నగుంది పెద్దగుంది అంటే ఆ మెసేజ్ చూపిస్తా. ఇప్పటిదాకా ఒక్కటి కూడా తిరిగి వేయలేదు.

మనమే తేల్చుతాం అంటే రిస్కు మొత్తం మన నెత్తిన పడుతుంది. 14 బాటిళ్ళు కాబట్టి మీరు తట్టుకున్నారు, 140 అయితే?

కొలబద్ద:

గవ్వలపెట్టె గారూ, తంగేడుపూలు తమ్ముడూ, ఇద్దరూ అంగుళాల దగ్గరే ఆగిపోయారు. నేను విజయవాడలో ఇరవై ఏళ్ళు డీటీపీ చేశాను, పెళ్ళికార్డుల దగ్గర్నుంచి ఫ్లెక్సీల దాకా. అసలు చిక్కు కస్టమర్ దగ్గర లేదు, కొలిచే తీరులో ఉంది.

ఇంగ్లీషు పేరుని పెట్టెలో (పేరు చుట్టూ కంప్యూటర్ గీసే చతురస్రంలో) పెట్టి కొలిస్తే పెద్దగా నష్టం లేదు, అందులో అక్షరాలన్నీ దాదాపు ఒకే గీత మీద నిలబడతాయి, కిందికి దిగే తోకలు ఒకటో రెండో. మన లిపి అలా కాదు. పైన గుడి, ఏత్వం, పక్కన కొమ్ము, కింద ఒత్తులు, వట్రుసుడి. "రమ"లో పైనా లేదు, కిందా లేదు. "శ్రీ"లో పైన గుడి దీర్ఘం ఉంది, కింద క్రావడి ఉంది. "జ్యోత్స్న"లో త కింద స, న రెండు ఒత్తులు దిగాలి. ఈ మూడింటినీ అంగుళం ఎత్తు పెట్టెలో పెడితే మూడు వేరు వేరు అక్షరాల సైజులు వస్తాయి, రాక తప్పదు. ఒత్తులు బాగా దిగిన పేరులో అసలు అక్షరానికి దక్కేది మొత్తం ఎత్తులో సగానికి కాస్త అటూ ఇటూ, ఫాంటుని బట్టి మారుతుంది.

అందుకని పేరుని కొలవకండి, అక్షరాన్ని కొలవండి. నేను "ర" ఎత్తు అని పెట్టుకున్నాను. ఏ గుణింతం లేని, ఏ ఒత్తు లేని ఒక్క ర. అది 10 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ ఆర్డర్‌లో ప్రతి పేరులోనూ ర అంతే ఉండాలి. ఒత్తు ఎంత కిందికి పోతే అంత పోనివ్వండి, పేరు ఎంత పొడుగొస్తే అంత రానివ్వండి. ఫైల్లో దీనికి పెద్ద పనేం లేదు, అన్ని పేర్లకీ ఒకే ఫాంటు, ఒకే పాయింట్ సైజు ఉంచి, మూల పట్టుకుని లాగకుండా ఉంటే చాలు. లాగిన ప్రతిసారీ అక్షరం మారిపోతుంది. ఇంకో మాట, 72 పాయింట్లు అంటే అంగుళం అని లెక్క ఉంది కదా అని 72 పెడితే అక్షరం అంగుళం రాదు, పైనా కిందా గుర్తులకి వదిలిన చోటు కూడా అందులోనే కలిసి ఉంటుంది, పైగా ఫాంటుకో రకంగా ఉంటుంది. ఒకసారి కాగితం మీద ప్రింటు తీసి స్కేలు పెట్టి చూసుకోండి.

మన చిన్నప్పుడు స్టీలు సామాన్ల కొట్లో గిన్నె కొంటే అక్కడే పేరు చెక్కి ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? చేతిలో చిన్న మిషను, గుర్రుమని చప్పుడు. ఆయన ఎవర్నీ సైజు అడిగేవాడు కాదు. చెంబు మీదైనా గంగాళం మీదైనా చేతికి అలవాటైన అక్షరం ఒకటే. పేరు పొడుగైతే పక్కకి జరిగేది, అక్షరం మాత్రం చిక్కేది కాదు. మా అమ్మ పెళ్ళినాటి గిన్నెల మీద పేరూ తేదీ ఇప్పటికీ చదువుకోవచ్చు.

గవ్వలపెట్టె:

కొలబద్ద గారూ, ఇది చదివి వెంటనే పాత ఫైలు తెరిచి చూశాను. నేను చేసింది అచ్చంగా మీరు వద్దన్నదే, ప్రతి పేరునీ మూల పట్టుకుని పెట్టెకి సరిపడా లాగాను. మరి "ర" 10 మి.మీ. పెడితే వేంకట సాయి లక్ష్మీ ప్రసన్న బాటిల్ చుట్టూ తిరిగి వస్తుంది కదా, దానికేం చేయాలి?

కొలబద్ద:

రెండు వరసలు చేయండి. "వేంకట సాయి" పైన, "లక్ష్మీ ప్రసన్న" కింద. వరసల మధ్య దూరం మాత్రం చూసుకోండి, పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగలకూడదు. లేదంటే ఇంట్లో పిలిచే పేరు అడగండి, పిల్లలకి అదే ఇష్టం.

పాలపిట్ట:

నేను డాలస్ దగ్గర ఉంటాను. ఇక్కడ మనబడిలో తెలుగు నేర్చుకునే పిల్లలకి మగ్గులూ టంబ్లర్లూ తెలుగు పేర్లతో చేసి ఇస్తుంటాను. ఇక్కడ దొరికే సైజు చార్టులన్నీ ఇంగ్లీషు పేర్లని చూసుకుని చేసినవి. "మగ్గు మీద పేరు మూడున్నర అంగుళాలు" అని ఉంటుంది, గుడ్డిగా అది పాటిస్తే గవ్వలపెట్టె గారికి జరిగిందే జరుగుతుంది, నాకూ జరిగింది.

ఒక పక్క అక్షరం ఎత్తు అయితే రెండో పక్క గుండ్రం సంగతి. మామూలు 11 ఔన్సుల మగ్గు అడ్డంగా సుమారు 82 మి.మీ. ఉంటుంది, అంటే చుట్టుకొలత 257 దాకా. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి సగం మగ్గు కనపడుతుంది గానీ అంచుల దగ్గర అక్షరాలు వెనక్కి తిరిగిపోయి సన్నగా అయిపోతాయి. ఇబ్బంది లేకుండా చదవగలిగేది నాలుగో వంతు, మరీ తప్పకపోతే మూడో వంతు. మగ్గుకి మూడో వంతు అంటే 86 మి.మీ., మూడు అంగుళాల మీద కొంచెం. అదే అరలీటరు బాటిల్ అడ్డంగా ఆరున్నర సెంటీమీటర్లు ఉందనుకోండి, చుట్టుకొలత 20 సెం.మీ. పైన, మూడో వంతు 6.8 సెం.మీ., అంటే 2.7 అంగుళాలు. మీ కస్టమర్ చెప్పిన మూడు అంగుళాలు ఆ బాటిల్‌కి మొదటి నుంచీ ఎక్కువే. ఆవిడ తప్పు కాదు, చేతిలో స్కేలు పెట్టుకుని మూడు అంగుళాలు ఎంతో చూసి ఉంటారు, స్కేలు వంగదు కదా.

టేపు కూడా అక్కర్లేదు. కాగితం పట్టీ బాటిల్ చుట్టూ తిప్పి కలిసిన చోట కత్తిరించండి. దాన్ని నాలుగు మడతలు పెడితే ఒక మడత మీకు నాలుగో వంతు. పేరు ప్రింటు ఆ మడతలో పడితే నిశ్చింత. ప్రతి కొత్త మోడల్‌కీ ఒక పట్టీ చేసి దాని మీద మోడల్ పేరు రాసి డబ్బాలో వేసుకుంటాను.

ఇంకోటి, తాగే అంచుకి మాత్రం 2 సెం.మీ. దూరం ఉంచుతాను, ఎంత పెద్దగా కావాలన్నా సరే. పెదవి తగిలే చోట సిరా, జిగురు ఉండకూడదు. ఇందులో కస్టమర్ మాట వినను.

తంగేడుపూలు:

ఇదంతా పది మగ్గులకి బాగుంటుంది. నా దగ్గర హల్దీ ఫంక్షన్‌కి "పెళ్ళికొడుకు బ్యాచ్" అని 80 టీషర్టులు వస్తాయి, చిన్నపిల్లాడి దగ్గర్నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా. ఒక్కోదానికీ పట్టీ తిప్పుతూ కూర్చుంటే పెళ్ళి అయిపోతుంది.

సైజు తేల్చేది అందం ఒక్కటే కాదు, ఫిల్మ్ కూడా. డీటీఎఫ్ (ఫిల్మ్ మీద ప్రింటు వేసి, వేడితో బట్టకి అంటించేది) రోలు 60 సెం.మీ. వెడల్పు, అంచులు పోను ప్రింటు పడేది ఇరవై రెండున్నర అంగుళాలు అనుకోండి. ముందువైపు డిజైన్ 11 అంగుళాలు పెడితే పక్కపక్కన రెండు పడతాయి. 12 పెడితే ఒక్కటే పడుతుంది, సగం ఫిల్మ్ ఖాళీగా పోతుంది. ఎత్తు తక్కువ ఉన్న డిజైన్ అయితే తిప్పి పెట్టుకోవచ్చు, లేకపోతే ఆ ఒక్క అంగుళం కోసం దాదాపు రెట్టింపు మీటర్లు వేయించాలి. కస్టమర్‌కి 11కీ 12కీ తేడా కంటికి తెలీదు, మన బిల్లులో తెలుస్తుంది. అందుకే ఫిక్స్‌డ్ సైజులు అంటున్నా. పెద్దలకి 11, పదేళ్ళ లోపు పిల్లలకి 7, మరీ చిన్నపిల్లలకి 5, గుండె మీద చిన్న లోగో అయితే మూడున్నర. అయిపోయింది.

నీలిగోరింట:

తంగేడుపూలు అన్నా, ఫిల్మ్ లెక్క ఒప్పుకుంటాను. కానీ ఒక్కమాట, టీషర్టు మీద సైజు పెరిగేకొద్దీ అది ప్లాస్టిక్ రేకులా అయిపోతుంది. నిండు రంగుతో 11 అంగుళాల పలక ఛాతీ మీద ఉంటే లోపల చెమట ఆరదు. మే నెలలో పెళ్ళికి అలాంటిది వేసుకున్న మా తమ్ముడు గంటలో విప్పేశాడు. సైజు అదే ఉంచినా, నిండు పలక బదులు అక్షరాల మధ్య బట్ట కనపడేలా డిజైన్ చేయించండి.

ఇక అసలు ప్రశ్న. గవ్వలపెట్టె అక్కా, "మనమే తేల్చాలి" అన్నదానికి నేను ఒప్పుకోను. నాకు ఎదురుదెబ్బ తగిలింది ఆ దారిలోనే.

నేను హైదరాబాద్‌లో గాజు జాడీ కొవ్వొత్తులు చేస్తాను. వాటర్ స్లయిడ్ డెకాల్ నేనే ఇంక్‌జెట్‌లో ప్రింటు తీసి, పైన క్లియర్ స్ప్రే కొట్టి, ఆరాక నీళ్ళలో నానబెట్టి గాజు మీదికి జార్చుతాను. ఒకావిడ వాళ్ళ మామగారి షష్టిపూర్తికి 40 అడిగారు. సైజు నేనే తేల్చాను. సన్నటి అక్షరాలు, చిన్నగా, చుట్టూ బోలెడు ఖాళీ, అలా ఉంటేనే నాజూగ్గా ఉంటుందని నా నమ్మకం. ఫోటోల్లో చాలా బాగా వచ్చాయి. ఫంక్షన్‌కి వచ్చినవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. మామగారికే తన పేరు కళ్ళజోడు లేకుండా కనపడలేదు. ఆవిడ నన్నేమీ అనలేదు, "కొంచెం పెద్దగా ఉంటే ఆయన చదువుకునేవారు" అన్నారు, అంతే. నేను ఎవరు చదువుతారో అడగలేదు. నా కంటికి అందంగా ఉంటే చాలనుకున్నాను. అందుకే అంటున్నా, చేసేవాళ్ళ ఇష్టానికి వదిలినా తప్పే జరుగుతుంది.

గవ్వలపెట్టె:

నీలిగోరింట గారూ, మీరు చెప్పింది గట్టిగా తగిలింది. నేను ఈ వైపు ఆలోచించనే లేదు.

లెక్కలమాస్టారు:

మా ఇంటావిడ గ్లాసుల మీద పేర్లు వేస్తుంది, నేను పక్కనుండి కొలుస్తాను. పాలపిట్ట గారు చెప్పింది నిటారు గోడ ఉన్న వస్తువులకి. పైన వెడల్పు, కింద సన్నం ఉన్న గ్లాసులకి ఇంకో చిక్కు ఉంది, తిన్నటి స్టిక్కర్ అంటిస్తే కొసలు పైకో కిందికో పోతాయి. ఆ వంపు ఎంతో లెక్క కట్టాను, చాలామంది అనవసరంగా భయపడుతున్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

పైన అడ్డంగా 7.5 సెం.మీ., కింద 5.5, ఎత్తు 10 ఉన్న గ్లాసు తీసుకోండి. దాని గోడని విప్పి పరిస్తే తిన్నటి పట్టీ రాదు, వంపు పట్టీ వస్తుంది. మధ్య ఎత్తులో ఆ వంపు సుమారు 33 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్క. దాని మీద 6 సెం.మీ. పేరు అంటిస్తే మధ్యకీ కొసలకీ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. కంటికి ఆనదు. అదే 20 సెం.మీ. చుట్టూ తిరిగే డిజైన్ అయితే తేడా ఒకటిన్నర సెంటీమీటరు. వెడల్పు రెట్టింపు అయితే వంపు నాలుగు రెట్లు అవుతుంది, అదీ సంగతి. కాబట్టి అలాంటి గ్లాసు మీద పేరు చిన్నదైతే తిన్నగానే వేయండి, చుట్టూ తిరిగే డిజైన్ అయితే ఫైలు వంపుగా చేయించక తప్పదు.

పాలపిట్ట:

మాస్టారూ, ఇది చాలా పనికొస్తుంది. నేను చిన్న పేర్లకి కూడా వంచి వంచి ఫైళ్ళు చేస్తున్నాను ఇన్నాళ్ళూ.

అంకుడుకర్ర:

నేను ఏటికొప్పాక వస్తువులు తెచ్చి పేర్లు వేసి అమ్ముతాను. కుంకుమ భరిణెలు, పెన్ స్టాండ్లు, చిన్న డబ్బాలు. తెలియనివాళ్ళకి, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో ఉంది, అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్క కాబట్టి వేడి పెట్టే స్టిక్కర్ దగ్గరికి కూడా రానివ్వకూడదు, వేడి తగిలితే పై పొర కరుగుతుంది. ఒత్తి అంటించే యూవీ డీటీఎఫ్ ఒక్కటే నాకు పనిచేసింది.

ఇక్కడ కస్టమరా మనమా అని వాదిస్తున్నారు. నా అనుభవంలో వస్తువే చెబుతుంది. భరిణె మూత రెండు వైపులా ఉబ్బు, బాటిల్ లాగా ఒకవైపు వంపు కాదు. ఆ ఉబ్బు మీద పెద్ద స్టిక్కర్ ఒకటే ముక్కగా వేస్తే అంచుల్లో ముడతలు తప్పవు, నువ్వు ఎంత ఒత్తినా సరే, చదునుగా ఉన్న ఫిల్మ్ బంతి మీద కూర్చోదు. నేను మొదట్లో 4 సెం.మీ. మూత మీద మూడున్నర సెం.మీ. పేరు వేసి చాలా పాడుచేశాను. ఇప్పుడు రెండున్నర దాటను. పేరు పొడుగైతే ఒక్కో అక్షరం విడిగా కత్తిరించి వంపుగా పేర్చుతాను, చిన్న ముక్క ఉబ్బు మీద సర్దుకుంటుంది. కస్టమర్ పెద్దగా కావాలంటే మూత మీద కుదరదు, డబ్బా పక్క గోడ మీద వేస్తాను అని చెప్తాను. ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆర్డర్ వదిలేస్తాను.

కొలబద్ద:

అంకుడుకర్ర గారూ, అక్షరం విడిగా కత్తిరించడం అన్నారు కాబట్టి చెబుతున్నా, చిన్న సైజులో తెలుగుకి ఇంకో ప్రమాదం ఉంది. ప, ష, స, హ ఈ అక్షరాల్లో తలకట్టు ఒంటికి అంటుకుని ఉండదు, చాలా ఫాంట్లలో విడిగా తేలుతుంది. ఒత్తులూ అంతే. కట్టర్ మిషను మీద వినైల్ (రంగు ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు) కోస్తే అది చీమంత ముక్క, పనికిరాని వినైల్ ఒలిచేటప్పుడు దాంతోపాటే లేచిపోతుంది. స మీద తలకట్టు పోయాక ఏం చేసినా పేరు తప్పుగానే ఉంటుంది. గీత మందం మిల్లీమీటరు తగ్గితే వినైల్ జోలికి పోవద్దు. యూవీ డీటీఎఫ్ అయితే అర మిల్లీమీటరు దాకా లాగొచ్చు గానీ, సన్నటి గీతకి జిగురు పట్టే చోటు తక్కువ, నాలుగుసార్లు తోమితే లేస్తుంది.

దీనికి రెండు మార్గాలు. లావు ఫాంటు వాడండి, సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన వాటిలో రామభద్ర లాంటివి ఉన్నాయి. లేదా పేరు చుట్టూ మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల తెల్ల బార్డర్ పెట్టండి, తలకట్టు, ఒత్తు, సున్న అన్నీ ఆ బార్డర్‌తో కలిసి ఒకే ముక్క అవుతాయి. ఆ బార్డర్ రెండు వైపులా కొలతలో కలుస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

తంగేడుపూలు:

బార్డర్ సంగతి మేం ముందునుంచీ చేస్తున్నదే అన్నా, ఇంగ్లీషు పేర్లకి కూడా. "ర" ఎత్తు మాత్రం నాకు కొత్త. నిన్న రాత్రి పాత ఆర్డర్ ఒకటి తీసి, 40 తెలుగు పేర్లు ఒకే పాయింట్ సైజులో పెట్టి షీటు మీద పేర్చి చూశా. నేను భయపడ్డది ఫిల్మ్ ఎక్కువ పోతుందని. పొట్టి పేర్లు తగ్గాయి, పొడుగు పేర్లు పెరిగాయి, మొత్తం మీద కొంచెం తక్కువే పట్టింది. పొట్టి పేర్లని మూడు అంగుళాలకి సాగదీసినప్పుడు ఎత్తు కూడా పెరిగి చోటు తినేస్తోందన్నమాట. కాబట్టి తెలుగు పేర్ల వరకు నేను మారుతున్నా. మూడు సైజులు ఉంటాయి, కానీ అవి అంగుళాల వెడల్పులో కాదు, అక్షరం ఎత్తులో: 8, 10, 14 మిల్లీమీటర్లు.

ఇంకోదాంట్లో మారను. కస్టమర్ ఓకే అనకుండా ప్రింటుకి పంపను. నీలిగోరింట చెప్పిన షష్టిపూర్తి కథ చదివాక ఇంకా గట్టిగా పంపను.

నీలిగోరింట:

ఓకే తీసుకోవడం వేరు అన్నా, సైజు వాళ్ళ చేత చెప్పించడం వేరు. నేను ఇప్పుడు సైజు అడగడం మానేశాను. మూడు సంగతులు అడుగుతాను: ఎవరికి ఇస్తారు, ఎక్కడ పెడతారు, ఎంత దూరం నుంచి కనపడాలి. పూజగదిలో పెట్టే దీపం జాడీ అయితే ఒకటి, చేతిలో పట్టుకుని చూసేది అయితే ఇంకోటి. ఆ జవాబులతో నేనే కొలత తేల్చి, ఫోటో పంపి ఓకే తీసుకుంటాను. ఫోన్‌లో ఫోటో ఎంత జూమ్ చేస్తే అంత పెద్దగా కనపడుతుంది కాబట్టి పక్కన పది రూపాయల బిళ్ళ పెడతాను. అది 27 మి.మీ. ఉంటుంది, అందరిళ్ళలోనూ ఉంటుంది, వాళ్ళు తమ బిళ్ళ చేతిలో పట్టుకుని పోల్చుకుంటారు.

తంగేడుపూలు:

ఆ బిళ్ళ ఐడియా బాగుంది చెల్లీ, వాడుకుంటా. కానీ 200 ఆర్డర్ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడిగినా కస్టమర్ "మీ ఇష్టం" అంటాడు. అప్పుడేం చేస్తావ్?

నీలిగోరింట:

"మీ ఇష్టం" అంటే 10 మి.మీ. అక్షరంతో శాంపిల్ ఒకటి చేసి ఫోటో పంపుతాను. చూశాక ఎవరూ మీ ఇష్టం అనరు, ఏదో ఒకటి చెప్తారు.

గవ్వలపెట్టె:

అందరికీ చాలా థ్యాంక్స్. నేను మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, పూర్తిగా కాదు, సగం. అంకె కస్టమర్ని అడగను, అది మాత్రం ఖాయం. కానీ ఎవరు చదువుతారన్నది వాళ్ళే చెప్పాలి, అది నాకు తెలిసే అవకాశం లేదు. మా వారికి కూడా ఈ థ్రెడ్ చూపించాను. "నేను చెప్పిందీ అదే" అంటున్నారు గానీ ఆయన చెప్పింది అది కాదు.

ఇప్పుడు నా దగ్గర 35 మగ్గుల ఆర్డర్ ఉంది, ఒక టీచర్ గారు రిటైర్ అవుతూ తోటి టీచర్లకి ఇస్తున్నారు. అడిగితే "స్టాఫ్ రూమ్‌లో అన్ని మగ్గులూ ఒకచోట ఉంటాయమ్మా, ఎవరిది ఏదో బల్ల ఇవతల నుంచే తెలియాలి" అన్నారు. అందుకని ర 14 మి.మీ. అనుకున్నాను. మగ్గు చుట్టూ కాగితం పట్టీ తిప్పి మడత పెట్టి చూశాను, "సత్యవతి" ఒక వరసలో పట్టడానికి నాలుగో వంతు చాలలేదు, మూడో వంతులో పట్టింది. "అన్నపూర్ణేశ్వరి" అందులో కూడా పట్టలేదు, "అన్నపూర్ణ" పైన, "ఈశ్వరి" కింద అని విడగొట్టడం బాగుండదు కదా. ఇలాంటి పేర్లు ఎక్కడ విరగ్గొట్టాలి?

కొలబద్ద:

విరగ్గొట్టకండి. సంధి కలిసిన పేరుని విడదీస్తే అది వేరే పేరు అవుతుంది. ఈ ఒక్క ఆర్డర్‌కి ర 14 నుంచి 11కి దించండి, అన్ని మగ్గులకీ దించండి, ఒక్కదానికే కాదు. అప్పుడు ఆ పేరు కూడా మూడో వంతుకి దగ్గరగా వస్తుంది. బల్ల ఇవతల నుంచి చదవడానికి 11 కూడా చాలు, లావు ఫాంటు పెడితే.

షీటుకి పంపేముందు ఇంకో సంగతి, చాలామందికి కొలత తప్పేది ఇక్కడే. పేరు చుట్టూ ఉన్న ఖాళీ పారదర్శక చోటు కత్తిరించి పీఎన్‌జీ చేయండి, లేకపోతే ప్రింటు వేసేవాళ్ళు ఆ ఖాళీతో కలిపి కొలుస్తారు, పేరు చిన్నదైపోతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) మూడు అంగుళాలంటే 900 పిక్సెళ్ళు ఉండాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇంట్లో కాగితం మీద ప్రింటు తీసేటప్పుడు పేజీకి సర్దే ఆప్షన్ తీసేసి వంద శాతం పెట్టండి. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) చేస్తే అక్షరాలని కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చి పంపండి, అవతల ఆ ఫాంటు లేకపోతే పేరు మొత్తం గజిబిజి అవుతుంది.

గవ్వలపెట్టె:

35 మగ్గులకీ 11 పెట్టి కాగితం మీద ప్రింటు తీశాను. అన్నపూర్ణేశ్వరి గారి పేరు కత్తిరించి మగ్గుకి అంటించి, పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి, టీచర్ గారికి ఫోటో పంపాను. "ఆవిడే కొంచెం చూపు తక్కువ, ఆవిడ మగ్గు ఒక్కటి పెద్ద అక్షరాలతో చేస్తావా" అని అడుగుతున్నారు. మిగతా 34 ఒకటీ, ఆవిడది ఒకటీ అయితే వరసలో తేడా కనపడుతుంది. కానీ చదవాల్సింది ఆవిడ. చుట్టూ తిరిగినా సరే 14 పెట్టేస్తున్నాను. పిడి కుడి చేతిలో పట్టుకుంటే పేరు మొదలు తనవైపు ఉండేలా అంటిస్తాను. షీటు రేపు పొద్దున వెళ్తుంది.